పదకొండు సెలైన్ సీసాలు

బెర్గెన్, 4 సెప్టెంబర్ 1977

హల్వోర్ అన్నయ్యకి,

క్రిస్మస్ కార్డు కాకుండా నా దగ్గర్నుంచి ఇంకో కాగితం వచ్చిందంటే ఎవరో పోయారనుకుంటావు. ఎవరూ పోలేదు. గొర్రెలు కావాలి.

ఫోన్ల పుస్తకంలో నీ నంబరు చూశాను. రెండుసార్లు తిప్పబోయి పెట్టేశాను. ఉత్తరమైతే మధ్యలో ఆగిపోయినా ఎవరికీ వినపడదు.

నేను ఆస్పత్రిలో నర్సు పని మానేసి ఇక్కడి పరిశోధనశాలలో చేరానని నీకు తెలుసు. అక్కడ ఏం చేస్తానో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. మా పెద్దాయన పేరు డాక్టర్ త్వెయిత్. ఊపిరితిత్తుల మీద ఆయన పని. ఇన్నాళ్ళూ కుక్కలతో చేశాం. కుక్క భయపడుతుంది, గింజుకుంటుంది. గొర్రె అయితే పక్కన తెలిసిన గొర్రె ఒకటి ఉంటే చాలు, నెమరేసుకుంటూ నిలబడుతుంది. బాగా పెంచిన ఆడగొర్రెలు ఎక్కడ దొరుకుతాయని ఆయన అడిగితే నా నోట్లోంచి నీ పేరు వచ్చేసింది. తర్వాత నాలిక కరుచుకున్నాను. నీకిష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క రాయి, ఇంకెవరినైనా అడుగుతాం.

ఇక్కడ పదకొండు రోజులుగా ఒకటే వాన. నా గది కింద రొట్టెల దుకాణం ఉంది కాబట్టి తెల్లవారుజామున మంచి వాసనతో మెలకువ వస్తుంది. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నీ చెల్లెలు
రాగ్ని

ద్వీపం, 14 సెప్టెంబర్

రాగ్నీ,

ఉత్తరం యూరున్ దుకాణంలో ఇచ్చారు. ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాకే నా చేతిలో పెట్టింది. చెల్లెలు పెళ్ళి చేసుకుంటోందా అని అడిగింది. గొర్రెలు అడుగుతోందన్నాను. నలభై ఏళ్ళొచ్చాక అదే నయం అంది.

మొన్ననే కొండ మీంచి మందని దింపాం. ఈసారి నాలుగు తగ్గాయి. రెండు కొండచరియ కింద దొరికాయి, రెండింటి జాడ లేదు. మీకు ఆరు ఇవ్వగలను. సాధువైనవే ఏరి పంపుతాను. సరుకుల పడవలో వస్తాయి, రేవులో మీ మనుషులు నిలబడాలి. నల్లమూతిది ఒకటి ఉంది, అది ముందు నడిస్తేనే మిగతావి కదులుతాయి. దాన్ని వెనక్కి నెట్టారంటే పొద్దుగూకేదాకా అక్కడే ఉంటారు.

వాటిని ఏం చేస్తారో నువ్వు రాయలేదు. నేను కసాయివాడికి అమ్మే మనిషినే, నాకేం దిగులు లేదు. అయినా తెలిస్తే బాగుంటుంది.

హల్వోర్

బెర్గెన్, 9 అక్టోబర్ 1977

అన్నయ్యా,

ఆరూ క్షేమంగా చేరాయి. నువ్వు చెప్పినట్టే నల్లమూతిదాన్ని ముందు నడిపించాం. డాక్టర్ త్వెయిత్ బూట్లు నమిలింది. ఆయనకి అదంటే గౌరవం పుట్టింది.

ఏం చేస్తామని అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. ఊపిరితిత్తుల్లోకి ఎప్పుడూ కొంచెం నీరు ఊరుతూనే ఉంటుంది. దాన్ని తోడి మళ్ళీ రక్తంలో కలపడానికి ఒక సన్నని కాలువ ఉంది, దారపు పోగంత. మత్తిచ్చి ఆ కాలువలో గొట్టం పెడతాం. గొర్రె కోలుకున్నాక ఆ గొట్టంలోంచి కారే నీటిని అరగంటకోసారి పట్టి కొలవడం నా పని. తర్వాత ఒక రోజు దాని ఒంట్లోంచి రక్తం తీస్తాం, చాలా రక్తం, రెండు గంటలు అలాగే ఉంచుతాం. ఆ పైన సెలైన్ ఎక్కిస్తాం. రక్తం అంత పోయినప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు ఎందుకు నిండుతుందో, అసలు నిండుతుందో లేదో తెలుసుకోవాలని. చివరికి వాటిని చంపి ఊపిరితిత్తులు తూకం వేస్తాం. నొప్పి తెలియకుండానే చేస్తాం, అది మాత్రం నా చేతుల మీద జరుగుతుంది.

ఇంకొకటి కూడా రాయాలి. ఎనిమిదేళ్ళుగా రాయలేదు.

నేను ఈ పనికి ఎందుకొచ్చానో నీకు తెలిసే ఉంటుంది. సునీవ వదినని పడవలో తెచ్చినప్పుడు ఆమె ఒంట్లో రక్తం లేదు. కడుపులో బిడ్డ అప్పటికే పోయింది. మా చిన్న ఆస్పత్రిలో ఆమెకి సరిపడే రక్తం రెండు సీసాలే ఉంది. తీరం వెంబడి కారులో మిగతాది వచ్చేదాకా సెలైన్ ఎక్కించమన్నారు. నేనే ఎక్కించాను. పదకొండు సీసాలు. మూడో రోజుకి ఊపిరితిత్తులు నీళ్ళతో నిండిపోయాయి. నడవాలో డాక్టరు, నీళ్ళు ఎక్కువైపోయాయేమో అన్నాడు. నువ్వప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు. ఖాళీ సీసాలు బల్ల మీద వరసగా ఉన్నాయి. నువ్వు వాటిని చూశావు, తర్వాత నన్ను చూశావు.

రాగ్ని

ద్వీపం, 30 అక్టోబర్

రాగ్నీ,

గొర్రెలు చేరినందుకు సంతోషం. పడవవాళ్ళు రసీదు పంపారు.

గాలివానకి పడవల కొట్టం కప్పు లేచిపోయింది. యూరున్‌కి మోకాలు నొప్పి, దుకాణం వారానికి నాలుగు రోజులే తీస్తోంది. బంగాళదుంపలు తవ్వేశాను. చాలా చిన్నవి.

మీ పని గురించి నాకు ఇంతకంటే రాయక్కర్లేదు.

హల్వోర్

బెర్గెన్, 27 నవంబర్ 1977

అన్నయ్యా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. ఇది చదివితే నీకూ బరువు దిగుతుంది.

నాలుగు గొర్రెలతో అయిపోయింది. రక్తం తీసినంతసేపూ ఆ కాలువలో నీరు బాగా తగ్గిపోయింది. సెలైన్ ఎక్కించగానే రెండింతలు, ఒకదానికి మూడింతలు పెరిగింది. ఇదిగో, వదినకి జరిగింది ఇదే, నేను చేసింది ఇదే అనుకున్నాను. కానీ ఆ నీరు పల్చగా ఉంది. ఊపిరితిత్తి గోడ చెడిపోయి ఉంటే రక్తంలోని చిక్కటి సారం కూడా దాంతో కలిసి కారాలి. అది కారలేదు. గోడ చెక్కుచెదరలేదు. సెలైన్ వల్ల రక్తం పల్చబడింది కాబట్టి నీరు కాస్త ఎక్కువ ఊరింది, ఊరినదాన్ని ఊరినట్టే కాలువ తోడేసింది. చివర తూకం వేస్తే నాలుగింటి ఊపిరితిత్తులూ మామూలుగానే ఉన్నాయి.

ఆ రోజు డాక్టర్ త్వెయిత్‌ని ఆపి అడిగాను. ఒక ఆడమనిషి అని చెప్పాను, పేరు చెప్పలేదు. పదకొండు సీసాలన్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "సీసాల సంగతి వదిలెయ్యి. ఆస్పత్రికి వచ్చే ముందు ఎంతసేపు రక్తం కారుతూ పడి ఉందో అది అడుగు" అన్నాడు.

నేను బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాను. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి ఆకలేసింది. ఆ రోజు గురువారం, వీధి చివర హోటల్లో బంగాళదుంప ముద్దలూ ఉప్పుమాంసమూ పెడతారు. ఒక్కదాన్నే కూర్చుని రెండు పళ్ళేలు తిన్నాను.

ఇక నన్ను క్షమించక్కర్లేదు అన్నయ్యా, క్షమించడానికి ఏమీ లేదు. అది రాద్దామనే ఇదంతా.

నీ రాగ్ని

బెర్గెన్, 8 జనవరి 1978

అన్నయ్యా,

క్రిస్మస్‌కి కార్డు కూడా రాలేదు. ఇరవై నాలుగో తారీకున పనివాళ్ళందరూ ఇళ్ళకి వెళ్ళిపోతే నేనే గొర్రెలకి గడ్డి వేశాను. నల్లమూతిది ఇంకా ఉంది. దాని పక్కన కాసేపు కూర్చున్నాను. అది మీ కొట్టం వాసన వేస్తుంది.

పండుగ అయ్యాక యూరున్ దుకాణానికి ఫోన్ చేశాను. నువ్వు బాగానే ఉన్నావంది, కాఫీ కొనడానికి వస్తున్నావంది, మాట మాత్రం లేదంది. ఆయన ఎప్పుడు మాట్లాడాడమ్మా అని కూడా అంది.

నీ మనసు నాకు అర్థమైంది. నా తప్పేనని అనుకోవడం నీకు అలవాటైపోయింది. అది లేకుండా ఎలా ఉండాలో నీకు తెలియడం లేదు. ఉండనీ. వేలెత్తి చూపించడానికి మనిషికి ఎవరో ఒకరు కావాలి. నేను ఇక రాయను. మిగిలిన గొర్రెల గురించి ఆఫీసువాళ్ళే రాస్తారు.

రాగ్ని

ద్వీపం, 22 జనవరి 1978

రాగ్నీ,

ఇది నాలుగోసారి రాయడం. మిగతావి పొయ్యిలో వేశాను.

నేను సీసాలు చూడలేదు. ఆ గదిలో సీసాలున్నాయని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. నిన్ను చూసిన మాట నిజం. నీకు తెలిసిపోయిందేమో అని చూశాను.

ఆ రోజు పై పొలంలో ఒక గొర్రెకి కాన్పు కష్టమైంది. పిల్ల అడ్డం తిరిగింది. మోచేతిదాకా చెయ్యి లోపల పెట్టి ఉన్నాను. సునీవ గుమ్మంలోంచి నా పేరు పిలిచింది. విన్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. కాఫీ కోసం పిలుస్తోందనుకున్నాను. వస్తున్నా అని అరవను కూడా అరవలేదు. గాలి ఎదురుగా ఉంది, అరిచినా వినపడదని ఊరుకున్నాను. ఆ పని అయ్యేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. చేతులు వాగులో కడుక్కుని మెల్లగా దిగాను. ఆమె వంటింట్లో నేల మీద ఉంది.

అప్పుడు ఇంట్లో ఫోను లేదు. యూరున్ దుకాణం దాకా పరిగెత్తాను. పడవ వచ్చేసరికి ఇంకో గంట. ఎంతసేపయిందని పడవలో అడిగారు. ఇప్పుడే అన్నాను. ఆస్పత్రిలో అడిగినా అదే అన్నాను.

మీ డాక్టరు ఎంతసేపు పడి ఉందో అడగమన్నాడుగా. అడిగినట్టే అనుకో. మూడు గంటల పైనే.

నువ్వు నా మొహం చూడలేక ద్వీపానికి రావడం మానేశావనుకున్నాను. నర్సువి కదా, లెక్క కట్టేసి ఉంటావనుకున్నాను. నీ నవంబర్ ఉత్తరం వచ్చాక, తెలిసినా ఇన్నాళ్ళూ దాచి ఇప్పుడు నెమ్మదిగా బయటపెడుతున్నావనుకున్నాను.

నువ్వు రెండు పళ్ళేలు తిన్నందుకు నాకు కోపం లేదు. తిను.

హల్వోర్

బెర్గెన్, 5 ఫిబ్రవరి 1978

అన్నయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీదే చదివి అక్కడే కూర్చుండిపోయాను. రొట్టెల దుకాణం ఆవిడ వచ్చి నీళ్ళిచ్చింది.

నాకు తెలియదు. ఒట్టు. నా బరువు దించుకునే తొందరలో ఆ రాయి ఎవరి మీద పడుతుందో చూడలేదు. ఆ మాట రాసినందుకు నా చెయ్యి నరుక్కోవాలనిపించింది.

డాక్టర్ త్వెయిత్ ఆ మాట అన్నప్పుడు ఆయనకీ తెలియదు. తెలియకే కొత్త గొర్రెలు తెప్పించి జనవరిలో మళ్ళీ చేశాం. ఈసారి రెండు గంటలు కాదు, నాలుగు. మూడు గొర్రెలు. అంతసేపు రక్తం లేకుండా ఉంచాక కూడా ఊపిరితిత్తుల గోడ చెడలేదు. ఒకటి గుండె ఆగి చచ్చిపోయింది, దాని ఊపిరితిత్తులు కూడా పొడిగానే ఉన్నాయి. ఆయన మొహం చిట్లించుకుని లెక్కలు రెండుసార్లు చూశాడు. తన అంచనా తప్పని ఒప్పుకున్నాడు.

వదిన ఊపిరితిత్తులు మూడో రోజుకి నిండాయి. మొదటి రోజు కాదు. నాకు ఇప్పుడు అదే కొరుకుతోంది. ఆ ఆస్పత్రికి రాసి ఆమె కాగితాలు అడిగాను.

రాగ్ని

ద్వీపం, 26 ఫిబ్రవరి

రాగ్నీ,

నువ్వు చిన్నప్పటినుంచి అబద్ధం ఆడలేదు. ఇప్పుడు నా కోసం మొదలుపెట్టకు. నవంబర్‌లో గంటలు ముఖ్యమన్నావు. నేను తప్పు ఒప్పుకోగానే ఫిబ్రవరిలో గంటలకి సంబంధం లేదంటున్నావు. నేను గొర్రెల్ని ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, వాటి చేత ఏం కావాలంటే అది చెప్పించొచ్చు.

ఇక్కడ మంచు మోకాలు దాకా ఉంది. మాట్లాడే మనిషి లేక రేడియోలో చేపల ధరలు చివరిదాకా వింటున్నాను. కాగితాలు వస్తే రాయి. రాకపోతే కూడా రాయి.

హల్వోర్

బెర్గెన్, 19 మార్చి 1978

అన్నయ్యా,

కాగితాలు వచ్చాయి.

రెండో రోజు సాయంత్రం జ్వరం వచ్చింది. ముప్పై తొమ్మిదిన్నర. తెల్లవారేసరికి నలభై. వణుకు అని రాసి ఉంది. ఆ రాత నాదే. నా చేత్తో రాసి, పూర్తిగా మర్చిపోయాను. సీసాలు గుర్తున్నాయి గానీ జ్వరం గుర్తు లేదు. మనిషి తనని కొట్టుకోవడానికి పనికొచ్చేదే దాచుకుంటాడు కాబోలు.

కాన్పు తర్వాత కడుపులో చీము పట్టి ఉండొచ్చని డాక్టర్ త్వెయిత్ కాగితాలు చూసి అన్నాడు. ఈసారి నేను వెంటనే నమ్మలేదు. కానీ అంతకుముందే వేరే పరీక్షలో రెండు గొర్రెలకి రోగక్రిముల విషం ఎక్కించి చూశాం. వాటి కాలువలోంచి వచ్చిన నీరు పల్చగా లేదు. పసుపుపచ్చగా, చిక్కగా, గొట్టానికి అంటుకునేలా వచ్చింది. గోడ చెడిపోవడమంటే అది. ఆ ఊపిరితిత్తులు చేతిలోకి తీసుకుంటే తడిగుడ్డ మూటలా బరువుగా ఉన్నాయి. వదిన మూడో రోజు ఊపిరి విన్నవాళ్ళకి అది అర్థమవుతుంది.

కాబట్టి ఇలా అనుకుంటున్నాను. సీసాలు కాదు, గంటలు కాదు, జ్వరం. అయితే గొర్రె వదిన కాదు. అంత రక్తం పోకుండా ఉండి ఉంటే ఆ జ్వరానికి తట్టుకునేదేమో. నువ్వు మొదటి పిలుపుకే దిగి ఉంటే ఏమయ్యేదో ఏ గొర్రె చెప్పదు, నేనూ చెప్పలేను. అబద్ధం ఆడొద్దన్నావు. ఇది నాకు తెలిసినంత నిజం. ఇంతకంటే లేదు.

ఇంకో మాట నా దగ్గర ఉండిపోయింది. వదిన చివరి మాటల్లో నిన్ను అడగలేదని తెలిస్తే నీ గుండె పగులుతుందని ఇన్నేళ్ళూ చెప్పలేదు. నువ్వు ఉత్తరంలో ఆ సంగతి రాసేదాకా దాని అర్థం నాకే తెలియదు.

రెండో రోజు మధ్యాహ్నం, జ్వరం రాకముందు, వదిన కాసేపు తెలివిగా ఉంది. నువ్వు బయట బల్ల మీద నిద్రపోతున్నావు. లేపనా అన్నాను, వద్దంది. నేను పెదాలు తడుపుతుంటే నన్ను అడిగింది.

"గొర్రె బతికిందా?"

ఏ గొర్రె అని నేను అడగలేదు. మగతలో ఏదో అంటోందనుకున్నాను. బతికిందన్నాను.

"అయితే సరే. చాలా కష్టపడ్డాడు" అంది. తర్వాత నిద్రపోయింది.

నువ్వు ఎక్కడున్నావో, ఎందుకు రాలేకపోయావో ఆమెకి తెలుసు అన్నయ్యా. మీ వంటింటి కిటికీలోంచి పై పొలం కనపడుతుంది కదా.

రాగ్ని

ద్వీపం, 11 ఏప్రిల్ 1978

రాగ్నీ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలవుతోంది. ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఈసారి కోపంతో ఊరుకోలేదు.

కిటికీ దగ్గర నిలబడి చూశాను. కనపడుతుంది. రాతిగోడ దాకా అంతా కనపడుతుంది. ఎనిమిదేళ్ళుగా ఆ కిటికీ ముందే పళ్ళెం కడుక్కుంటున్నాను, అటు తలెత్తలేదు.

గొర్రె చచ్చిపోయింది. పిల్ల బతికింది. ఆ శరదృతువులోనే మిగతావాటితో పాటు కసాయివాడి పడవెక్కించేశాను, దాని మొహం చూడలేక. నువ్వు సునీవకి చెప్పింది సగం నిజం, సగం అబద్ధం. నేనైతే నిజమే చెప్పి ఉండేవాణ్ణి. ఆమె దగ్గర నువ్వు ఉండటం మంచిదయింది.

జ్వరం సంగతి ఆలోచించాను. నమ్మినట్టే ఉంది. పొద్దున నమ్ముతాను, సాయంత్రానికి మళ్ళీ ఆ పిలుపు వినపడుతుంది. అది పోదనుకుంటాను. కానీ ఇంతకుముందు పిలుపు ఒక్కటే వినపడేది. ఇప్పుడు "చాలా కష్టపడ్డాడు" అన్నది కూడా వినపడుతోంది. ఆ మాట ఆమె గొంతులో ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

యూరున్‌తో ఈ సంగతంతా చెప్పాను. దుకాణంలో, పిండి బస్తాల మధ్య. ఆవిడ అంతా వింది. తర్వాత, "ఆ రోజు నువ్వు పరిగెత్తుకొచ్చినప్పుడు నీ కాలికి ఒక్క బూటే ఉంది, నీకు తెలుసా" అంది. తెలియదన్నాను. కాఫీ పోసింది.

మే మొదటి వారంలో ఈతలు మొదలవుతాయి. ఈ ఏడు కవలలు ఎక్కువని తోస్తోంది, ఒక్కడి వల్ల కాదు. నీ చేతులు సన్నవి, అడ్డం తిరిగిన పిల్లల్ని తీయడానికి పనికొస్తాయి. మేడ గది ఊడ్చి పరుపు ఎండలో వేశాను. ఎండ రెండు గంటలే కాసింది, అయినా ఆరింది.

పడవ మంగళ, గురు, శనివారాల్లో వస్తుంది. ఏ రోజు వస్తావో రాయక్కర్లేదు. నేను మూడు రోజులూ రేవుకి వస్తాను.

అన్నయ్య
హల్వోర్